తెర లేని సర్వరు

వీరవేణికి కంప్యూటరు నేర్పింది వెంకటరమణ మాస్టారు. ఎవరడిగినా ఇప్పటికీ ఆమె ఆ మాట దాచదు. అడిగినవాళ్ళు ఆయన గురించి ఇంకేదైనా చెప్పమంటే మాత్రం మాట మార్చేస్తుంది.

కాకినాడ దుమ్ములపేటలో వాళ్ళ ఇల్లు. నాన్న సత్తియ్య మరపడవ మీద వేటకి వెళ్ళేవాడు. ఒక్కోసారి వారం, పది రోజులు సముద్రం మీదే. వేణి బీయెస్సీ పూర్తి చేసిన ఏడాది, భానుగుడి జంక్షన్ దగ్గర మేడమీద 'దీపిక కంప్యూటర్స్' అని ఉంటే, ఫీజు కనుక్కుందామని మెట్లెక్కింది. అక్కడ మాస్టారు ఆమెని ఒక లెక్క అడిగారు, ఆమె చెప్పింది. ఇంకొకటి అడిగారు, అదీ చెప్పింది. మర్నాడు ఆయనే స్కూటరు మీద దుమ్ములపేట వచ్చారు. కుర్చీ తెచ్చేలోపే, అరుగు మీద ఆరేసిన వల పక్కకి జరుపుకుని కూర్చుని, సత్తియ్యతో గంటసేపు మాట్లాడారు. ఆడపిల్ల ఊళ్ళు పట్టుకుని తిరగక్కర్లేదనీ, ఒకచోట కూర్చుని చేసే పనేననీ, ఈ పిల్ల బుర్ర తన దగ్గరికొచ్చిన వాళ్ళెవరికీ లేదనీ చెప్పారు. వెళ్ళేటప్పుడు ఆయన తెల్ల ప్యాంటుకి వల మరకలు అంటుకున్నాయి. తుడుచుకోలేదు. సత్తియ్య అది చూశాడు. మారు మాట్లాడకుండా కూతుర్ని పంపాడు.

ఏడాది తిరిగేసరికి వేణి ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే జావా పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికే సాఫ్ట్‌వేర్ ఊపు తగ్గింది. అమెరికాలో కంపెనీలు మూతపడుతున్నాయని పేపర్లలో వచ్చాక, కాకినాడలో కోర్సుల్లో చేరేవాళ్ళు పలచబడ్డారు. పన్నెండు కంప్యూటర్లలో ఏడింటికి గుడ్డలు కప్పేశారు. పాఠాలు చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. చివరికి మిగిలింది మాస్టారు, వేణి, ముందు టేబుల్ దగ్గర ఫోన్లు ఎత్తే ఉషారాణి.

రెండువేల మూడులో ఒక పని వచ్చింది. జిల్లాలోని మరపడవల మీద వేటకి వెళ్ళేవాళ్ళూ, రేవుల్లో చేపలమ్ముకునేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. దాని అధ్యక్షుడు అప్పారావు గారికి ఒక ఆలోచన కలిగింది. అంతకుముందు ఏడు తుఫానులో ఒక పడవ తిరిగి రాలేదు. అందులో ఎవరెవరు వెళ్ళారో రేవులో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. ఒకాయన ఫొటో కూడా దొరకలేదు. అందుకని సంఘంలో ఉన్న నాలుగు వేల మందికీ ఫొటోతో కార్డులివ్వాలని, ఆ పేర్లూ ఫొటోలూ ఏ రేవులో నుంచైనా ఇంటర్నెట్‌లో చూసుకునేలా ఉండాలని అప్పారావు గారు పట్టుబట్టారు. పని దీపికకి ఇచ్చారు. సంఘంలో సభ్యుడి కూతురు అక్కడుందని కూడా ఒక కారణం.

వేణి ఆ పనిని భుజాన వేసుకుంది. డిజిటల్ కెమెరా అద్దెకి తెచ్చి ఉప్పాడ, భైరవపాలెం, యానాం పక్క రేవులూ తిరిగింది. వేట నుంచి దిగినవాళ్ళని దిగినట్టు కూర్చోబెట్టి ఫొటోలు తీసింది. కొందరు తల దువ్వుకోవాలన్నారు. కొందరు మొదటిసారి కెమెరా ముందు కూర్చున్నారు. తమ వీధిలో చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే పెద్దింట్లమ్మ అనే ముసలావిడ, ఫొటో కోసం కోడలి చీర కట్టుకొచ్చింది. నవ్వమంటే నవ్వలేదు. చచ్చాక గోడకి తగిలించేది ఇదేనట కదా, నవ్వుతూ ఉంటే బాగోదంది.

కష్టం ఆ తర్వాత వచ్చింది. కెమెరా తీసిన ఫొటో ఒక్కొక్కటీ చాలా పెద్దది. రేవుల్లో ఉన్న ఇంటర్నెట్ సెంటర్లలో ఫోను లైను మీద ఒక ఫొటో తెరుచుకోవాలంటే ఐదారు నిమిషాలు. అందుకని ఎవరైనా పేరు కొట్టగానే సర్వరే ఆ ఫొటోని అప్పటికప్పుడు కుదించి, కార్డుకి ఒక సైజూ, తెర మీద చూడటానికి ఒక చిన్న సైజూ తయారుచేసేలా వేణి జావాలో ప్రోగ్రాము రాసింది. ఇన్‌స్టిట్యూట్‌లో తన కంప్యూటర్ మీద అది చక్కగా పనిచేసింది. హైదరాబాదులో అద్దెకి తీసుకున్న లైనక్స్ సర్వరు మీద పెట్టగానే ఆగిపోయింది. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి, లోపల ఎర్ర ఇంటూ గుర్తు.

వారం రోజులు ఆమెకి ఏమీ అర్థం కాలేదు. సర్వరు రాసుకునే లాగ్ చదివితే, ఏదో కిటికీల సర్వరుకి, అంటే తెర మీద బొమ్మలు చూపించే దానికి, కలవలేకపోతున్నానని జావా చెబుతోంది. ఆమె చేసేది తెర మీద ఏమీ చూపించడం కాదు. ఫొటోని చిన్నది చేసి అడిగినవాళ్ళకి పంపడం మాత్రమే. కానీ బొమ్మలతో ఏ పనిచెయ్యాలన్నా జావా ముందు తెర ఎక్కడుందని వెతుక్కుంటుంది. హైదరాబాదులో ఏదో చల్లని గదిలో బీరువాలాంటి దాంట్లో పడుకోబెట్టిన ఆ కంప్యూటర్‌కి తెర లేదు, ఎవరూ తగిలించరు కూడా. తెర దొరక్కపోయేసరికి జావా పని మానేసి చతికిలబడుతోంది.

ఇంటర్నెట్‌లో ఎవరినో అడిగితే, సర్వరు మీద ఉత్తుత్తి తెర ఒకటి నడిపించి జావాని నమ్మించమన్నారు. అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు అదంతా కుదరదన్నారు. వేణి జావా కొత్త వెర్షన్‌తో వచ్చిన కాగితాలన్నీ ప్రింటు తీసుకుని, బస్సులో ఉప్పాడ వెళ్తూ వస్తూ చదివింది. ఒకరోజు అలా తిరిగొస్తుంటే ఒక మూల రెండు వాక్యాల్లో కనబడింది. తెర లేని యంత్రాల కోసమని 'హెడ్‌లెస్' అనే సదుపాయం ఆ వెర్షన్‌లోనే కొత్తగా పెట్టారు. తల లేనిది అని అర్థం. సర్వరుని మొదలుపెట్టే ఫైల్లో ఆ మాట ఉన్న ఒక్క లైను చేరిస్తే చాలు. తెర లేదు, వెతక్కు, ఉన్నదాంతో పని కానియ్యి అని జావాకి చెప్పడమన్నమాట.

బస్సు దిగి పరుగులాంటి నడకతో ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ఆ లైను చేర్చింది. సర్వరు ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. పెద్దింట్లమ్మ పేరు కొట్టింది. అర నిమిషం తర్వాత, బొటనవేలంత సైజులో, కోడలి చీర కట్టుకుని, నవ్వకుండా పెద్దింట్లమ్మ తెర మీదికొచ్చింది.

వేణి లోపలి గదిలోకి వెళ్ళి మాస్టారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. ఆ ఫైలు ఎక్కడుందో, ఆ లైను ఏంటో, అది లేకపోతే ఏమవుతుందో అంతా వివరంగా చెప్పింది. లైను తీసేసి ఎర్ర ఇంటూ గుర్తు చూపించి, మళ్ళీ పెట్టి ఫొటో చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని అంతా చూసి, తన డైరీలో రాసుకున్నారు.

"నేను నీకు జావా నేర్పిన రోజుల్లో ఇది లేదమ్మా. ఇప్పుడు నువ్వే నాకు నేర్పుతున్నావు" అన్నారు.

ఆ మాటకి వేణికి ఆ సాయంత్రం అన్నం కూడా సయించలేదు, సంతోషంతో.

నెల తర్వాత ఒక ఆదివారం జగన్నాథపురంలో సంఘం హాల్లో సభ పెట్టారు. అందరి ముందూ ఇది ఎలా పనిచేస్తుందో చూపించాలి. విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ ఆయన కూడా వస్తున్నారని మాస్టారు చెప్పారు. ఇదే పని కోస్తాలో మిగతా జిల్లాలకీ చేయించే ఉద్దేశంలో ఉన్నారట. వేణినే మాట్లాడమన్నారు. నీ మనుషులు, నువ్వు చెబితేనే బాగుంటుందన్నారు. హాల్లో ప్రొజెక్టరూ కుర్చీలూ చూసుకోవాలి కాబట్టి ఏడింటికే వెళ్ళమన్నారు. తాను ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న పని చూసుకుని వస్తానన్నారు.

పదింటికి హాలు నిండిపోయింది. సత్తియ్య వేట నుంచి ముందు రోజే దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. వేణి మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పి, పెద్దింట్లమ్మని ముందుకు పిలిచింది. ఆవిడ పేరు కొట్టింది. పేరొచ్చింది, ఊరొచ్చింది, వయసొచ్చింది. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి వచ్చింది. గోడంత ప్రొజెక్టరు వెలుగులో ఎర్ర ఇంటూ గుర్తు.

వేణి ఇంకో పేరు కొట్టింది. మళ్ళీ అదే. అక్కడికక్కడే ఒకాయనకి ఫొటో తీసి పంపింది. అదే. నన్ను కొట్టేశారేంటమ్మా అప్పుడే, అని పెద్దింట్లమ్మ అంటే హాలంతా నవ్వింది. నిన్న సాయంత్రం వేణి చూసింది, అన్నీ వచ్చాయి. తాను పెట్టిన లైను పోయి ఉంటుందని తట్టక, ఏం చూడాలో తెలియక అదే పేరు మళ్ళీ మళ్ళీ కొడుతోంది. వెనక వరసలో నాన్న తల దించుకోవడం ఆమెకి కనబడింది.

అప్పుడు మాస్టారు లేచి వచ్చారు. ఆమె భుజం తట్టి, మైకు తీసుకున్నారు.

"పిల్ల కదండి, కంగారులో ఒక చిన్న విషయం మర్చిపోయింది. పర్లేదు, ఐదు నిమిషాలు ఓపిక పట్టండి" అన్నారు.

ఆయన కూర్చుని ఏవో కొట్టారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దింట్లమ్మ ఫొటో గోడ మీదికొచ్చింది. తర్వాత అప్పారావు గారి ఫొటో, తర్వాత అడిగినవాళ్ళందరివీ. చప్పట్లు కొట్టారు. విశాఖపట్నం ఆయన లేచొచ్చి మాస్టారికి చెయ్యి కలిపారు. వేణి గోడకి ఆనుకుని నిలబడి, తాను ఏం మర్చిపోయిందో గుర్తుచేసుకునే ప్రయత్నం చేస్తోంది.

బయటికొచ్చాక ఆమే మాస్టారికి క్షమాపణ చెప్పుకుంది. ఏం జరిగిందండి అని అడిగితే, సర్వరు ఎందుకో ఆ లైను లేకుండా మొదలైందనీ, తర్వాత చూద్దాంలే, ఇంటికెళ్ళి పడుకోమనీ అన్నారు.

సోమవారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నాన్న ఏమీ అడగలేదు. ఆయన అడగకపోవడమే ఆమెకి కష్టంగా ఉంది. మంగళవారం పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, మాస్టారు ఇంకా రాకముందు సర్వరు తెరిచింది. మళ్ళీ ఇలా జరక్కుండా చూసుకోవాలన్నదే ఆమె ఉద్దేశం. ఎవరినీ అనుమానించలేదు.

ఆ ఫైలు ఉన్నచోట దాని పక్కనే ఇంకొకటుంది. అదే పేరు, చివర 'వీఆర్' అని తగిలించి ఉంది. తెరిచి చూస్తే తన ఫైలుకి నకలు. తన లైను ఉంది, దాని పైన తాను రాసుకున్న రెండు ముక్కలూ ఉన్నాయి. నకలు తయారైన సమయం ఆదివారం పొద్దున్న ఎనిమిదీ పన్నెండు.

వేణి చాలాసేపు ఆ అంకె వంక చూస్తూ కూర్చుంది. సర్వరు మీద ఎవరేం కొట్టారో అది వరసగా గుర్తుపెట్టుకుంటుంది. చూడాలంటే భయమేసింది. చూసింది. ముందు ఫైలుకి నకలు తీశారు. తర్వాత అసలు ఫైల్లో లైను తీసేశారు. తర్వాత సర్వరు ఆపి మొదలుపెట్టారు. ఆ తర్వాత హాల్లో కొట్టినవి: నకలుని అసలు దాని మీదికి తిరిగి ఎక్కించారు, సర్వరు ఆపి మొదలుపెట్టారు. అంతే. వెతకడం లేదు, సరిచెయ్యడం లేదు. పొద్దున్న దాచిపెట్టింది పదిన్నరకి బయటికి తీశారు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎనిమిదీ పన్నెండుకి వేణి హాల్లో కుర్చీలు తుడుస్తోంది.

ఉషారాణి వచ్చి దీపం వెలిగించి అగరుబత్తి గుచ్చుతుంటే, ఆదివారం నువ్వొచ్చావా అని వేణి అడిగింది. రాలేదంది ఉషారాణి. ఆమె మొహం చూసి, దగ్గరికొచ్చి కూర్చుంది. కాసేపు ఊగిసలాడి ఒక విషయం చెప్పింది. సభకి నాలుగు రోజుల ముందు విశాఖపట్నం ఆయన ఫోన్ చేశారట. ఆ ప్రోగ్రాము రాసిన అమ్మాయి పేరేంటి, తమ ఆఫీసులో చేరుతుందా, ఒకసారి మాట్లాడాలి అన్నారట. సంఘంలో ఎవరో వేణి గురించి చెప్పారు కాబోలు. ఉషారాణి ఫోను మాస్టారికిచ్చింది. ఆయన లోపలి నుంచి మాట్లాడటం వినబడింది. ప్రోగ్రాము నాదేనండి, అమ్మాయి టైపు చేసిపెట్టింది, సభకి రండి, మీరే చూద్దురు గాని అన్నారట.

"నీకు చెప్పొద్దన్నారు. ఉద్యోగం మాట ఆయనే చెబుతారనుకున్నాను వేణీ" అంది ఉషారాణి.

పదకొండింటికి మాస్టారు వచ్చారు. వేణి వెనకే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆ నకలు ఫైలు, కొట్టినవాటి వరస, రెండూ ప్రింటు తీసి ఉంచింది. బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చదివి, కాగితాలు అంచులు కలిసేలా సర్ది పక్కన పెట్టారు. ఆమె ఏవేవో ఊహించుకుని వచ్చింది. కాదంటారని, కోప్పడతారని. ఆయన అవేమీ చెయ్యలేదు.

"తీశాను. మళ్ళీ పెట్టాను కదమ్మా. సంఘానికేమీ నష్టం రాలేదు" అన్నారు.

"అందరిలో నన్నెందుకు నిలబెట్టారండి?"

"నిన్ను చూడ్డానికి వస్తున్నారు వాళ్ళు. నువ్వు బాగా చెబితే నిన్ను తీసుకెళ్ళిపోతారు. పని నీతోపాటు వెళ్ళిపోతుంది." ఆయన కిటికీ వైపు చూశారు. "నీకు ఇరవై రెండేళ్ళు. ఇలాంటివి ఇంకా పది వస్తాయి. నాకు నలభై తొమ్మిది. ఈ మేడ ఖాళీ చెయ్యమంటున్నారు."

వేణికి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆపుకుంటూ అంది.

"అడిగితే ఇచ్చేసేదాన్ని కదండి. ప్రోగ్రాము మాస్టారిదే అని నేనే చెప్పేదాన్ని. విశాఖపట్నం వెళ్ళనని చెప్పేదాన్ని. ఒక్కమాట అడగాల్సింది."

ఆయన కళ్ళజోడు తీసి ఆ కాగితాల మీద పెట్టారు.

"నీ దగ్గర అడగడానికి మొహం చెల్లలేదు" అన్నారు చివరికి.

తర్వాత ఇంకా ఏదో అన్నారు. ఉద్యోగం మానొద్దనీ, విశాఖ పని చేతికొచ్చాక ఆమెనే మేనేజరుగా పెడతాననీ, అప్పటిదాకా ఓర్చుకోమనీ. ఆమెకి ఆ మాటలు చెవిలో పడుతున్నాయి గాని లోపలికెళ్ళడం లేదు. ఈ గదిలోనే ఆయన ఆమెకి మొదటి ప్రోగ్రాము రాయించారు. తప్పు రాస్తే ఎప్పుడూ తప్పనేవారు కాదు, ఇంకోసారి చదువుకో అనేవారు. ఆ మనిషే ఆదివారం పొద్దున్నే లేచి, స్నానం చేసి, స్కూటరు మీద వచ్చి, తాళం తీసి, కుదురుగా కూర్చుని, ముందు జాగ్రత్తగా నకలు తీసుకుని ఈ పని చేశారు. కోపంలో చేసింది కాదు. వేణి మొహం అందరిలో ఎలా మాడిపోతుందో ముందే అనుకుని చేసిన పని.

కాగితాలు అక్కడే వదిలేసి బయటికొచ్చింది. ఉషారాణి గుమ్మం దగ్గర ఆపి, చిన్న గొంతుతో, పాస్‌వర్డ్ నీకూ తెలుసు కదా, ఆ లైను ఇప్పుడు నువ్వు తీసేస్తే, అంది. కార్డుల ప్రింటింగు మర్నాడే మొదలవబోతోంది. వేణికి ఆ ఆలోచన రాకపోలేదు. నాలుగు వేల మొహాలు ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. వాళ్ళేం చేశారు. తల అడ్డంగా ఊపి మెట్లు దిగిపోయింది.

అక్కడినుంచి తిన్నగా అప్పారావు గారి ఇంటికి వెళ్ళింది. ఆయన మంచినీళ్ళిప్పించి, కూర్చోబెట్టి, అంతా విన్నారు. మధ్యలో అడ్డు తగల్లేదు. విన్నాక, "నాకు కంప్యూటర్ తెలీదమ్మా. ఆదివారం నా కళ్ళతో చూసిందొకటే తెలుసు. ఆయన చెయ్యేస్తే ఫొటోలొచ్చాయి" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. బాగా చదువుకున్న పిల్ల, పరువు పోయిందన్న బాధలో మాట్లాడుతోందనుకున్నారు. పెద్దాయన మీద ఇలాంటివి బయట అనకు, నీకే మంచిది కాదు అని వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

ఇంటికొచ్చేసరికి సత్తియ్య అరుగు మీద వల కుట్టుకుంటున్నాడు. వేణి పక్కన కూర్చుని, ఫైలూ నకలూ సర్వరూ ఏమీ చెప్పకుండా, ఆ రోజు నేనేమీ మర్చిపోలేదు నాన్నా, మాస్టారే పొద్దున్నే వెళ్ళి ఊడదీశారు, తర్వాత ఆయనే తగిలించారు అంది.

సత్తియ్య కుట్టడం ఆపేశాడు. పడవల మీద పనిచేసేవాడికి ఆ మాట ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఆయనే ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

సత్తియ్య చేతిలో సూది అలాగే ఉంది. కూతురి మొహం చూడకుండా, నిన్న పొద్దున్న తాను మాస్టారి ఇంటికి వెళ్ళానని చెప్పాడు. వేటలో తన వాటాకొచ్చిన రెండు పెద్ద చందువా చేపలు ఆకులో చుట్టుకుని తీసుకెళ్ళాడట. మా పిల్ల తప్పు చేసింది, మీరు మా పరువు నిలబెట్టారండి అని దణ్ణం పెట్టాడట.

"ఆయనేమన్నారు నాన్నా?"

"పర్లేదు సత్తియ్యా, పిల్లలన్నాక మామూలే అన్నాడు. చేపలు లోపలికి పంపించాడు."

వేణికి ఆదివారం జరిగినదానికంటే, ఆ గదిలో విన్నదానికంటే, ఈ మాట ఎక్కువ తగిలింది. ఆ క్షణాన మాస్టారు ఒక్క అరనిమిషం ఆగి, వద్దు సత్తియ్యా, నీ కూతురు తప్పు చెయ్యలేదు అని ఉంటే చాలు. పనీ పేరూ ఆయన్నే తీసుకోనిచ్చేది. కనీసం ఆ చేపలు తీసుకోకుండా ఉన్నా సరిపోయేది. నాన్న కూడా తనని నమ్మలేదన్న సంగతి ఆ తర్వాత నెమ్మదిగా తెలిసొచ్చింది. అడగకపోవడం జాలితో కాదు, సిగ్గుతో. దాని గురించి నాన్నని ఏనాడూ ఏమీ అనలేదు. ఆయనకి ఎవరి మాట నమ్మాలో నేర్పింది కూడా తనే. రెండేళ్ళుగా ఇంట్లో మాస్టారు అలా అన్నారు, మాస్టారు ఇలా అన్నారు అని చెబుతూ వచ్చింది.

ఉషారాణి ఇచ్చిన నంబరుకి వేణి ఒకసారి విశాఖపట్నం ఫోన్ చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడారు. తెలివైన అమ్మాయనీ, కాకపోతే నిలకడ తక్కువనీ మాస్టారు గారు చెప్పారనీ, ప్రస్తుతానికి ఖాళీలు లేవనీ అన్నారు. ఆమె థాంక్స్ చెప్పి పెట్టేసింది. దీపికకి మళ్ళీ వెళ్ళలేదు.

కార్డులు వచ్చాయి. దుమ్ములపేటలో అందరి జేబుల్లోనూ, రొండిన దోపుకున్న సంచుల్లోనూ చేరాయి. ఫొటోలు బాగా వచ్చాయని అందరూ అన్నారు. వెనకవైపు చిన్న అక్షరాలతో తయారుచేసినవారు వెంకటరమణ గారు, దీపిక కంప్యూటర్స్ అని ఉంది. రేవు ఆఫీసులో కార్డు చూపిస్తే గాని డీజిలు ఇవ్వడం లేదు కాబట్టి సత్తియ్య కూడా దాన్ని జేబులో పెట్టుకునే వేటకి వెళ్ళాల్సివచ్చేది. ఇంట్లో కూతురు ఉన్నప్పుడు బయటికి తీసేవాడు కాదు.

వేణికి ఆరునెలల తర్వాత రాజమండ్రిలో ఒక కలర్ ల్యాబులో పని దొరికింది. పెళ్ళిళ్ళ ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి ఆల్బమ్‌కి కావలసినవి ఎంచుకునే ఏర్పాటు చేసిపెట్టింది. యజమాని నెమ్మదస్తుడు, ఆమె పనిని నలుగురిలో మెచ్చుకునేవాడు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకి, ఈయన తర్వాత ఏం చెయ్యబోతున్నాడో అనిపించేది. అక్కడ తనతో పనిచేసే సత్యశ్రీ అనే అమ్మాయి ఏదైనా అడిగితే చెప్పేది గాని, సగం చెప్పి ఆగేది. ఆపాక తన మీద తనకే అసహ్యం వేసేది. ఇంతకుముందు తాను అలాంటిది కాదు. కొత్తగా ఏం కనుక్కున్నా పక్కవాళ్ళని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించే మనిషి.

రెండువేల ఐదు వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం, ఇంటికి వెళ్దామని వచ్చి కాకినాడ బస్ కాంప్లెక్సులో దిగింది. దుమ్ములపేట వైపు సిటీ బస్సు కోసం బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా మాస్టారు వస్తున్నారు. జుట్టు బాగా నెరిసింది. చేతిలో లెదరు సంచి, కొత్త చెప్పులు. ఆయన ఆమెని చూసి ఒక్క అడుగు తడబడి, తర్వాత తిన్నగా దగ్గరికి వచ్చారు.

"బాగున్నావా అమ్మా?" అన్నారు.

"బాగున్నానండి" అంది వేణి.

నాన్న ఎలా ఉన్నారని అడిగారు, బాగున్నారంది. రాజమండ్రిలో చేస్తున్నావటగా అన్నారు, అవునండి అంది. విశాఖపట్నం బస్సు కదిలేటట్టుంది, వస్తానమ్మా అని ఆయన వెళ్ళిపోయారు. జనంలో ఆయన తెల్ల చొక్కా కనబడకుండా పోయేదాకా చూశాక గాని వేణికి తెలియలేదు, తాను లేచి నిలబడి ఉందని. ఆయన్ని చూడగానే లేచింది. మాట్లాడినంతసేపూ చేతులు కట్టుకుని నిలబడింది. ఎన్నో రాత్రులు ఈ మనిషి ఎదురుపడితే అనాల్సినవి వరసగా పేర్చుకుంది. వాటిలో ఒక్కటీ నోట్లోంచి రాలేదు. కాళ్ళు మాత్రం ఆమెని అడక్కుండానే లేచి గౌరవం చూపించేశాయి.

సిటీ బస్సు వచ్చింది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. వేణి కూర్చోకుండా, అడక్కుండా లేచిన ఆ కాళ్ళకి విశ్రాంతి ఇవ్వకుండా, కడ్డీ పట్టుకుని ఇంటిదాకా నిలబడే వెళ్ళింది.